పొందూరు ఖద్దరు: కత్తెర పట్టినవాడి మాట

మాస్టారు సంచిలోంచి బట్ట తీసి బల్ల మీద పెట్టి, "పొందూరుది నాయనా, కాస్త నిదానంగా కుట్టు" అన్నారు. ఆయన ఊరి పేరు చెప్పనక్కరలేదు. మడత మీద చెయ్యి వెయ్యగానే నాకు తెలిసిపోయింది. మిల్లు బట్ట వేళ్ళ కింద జారిపోతుంది. పొందూరు బట్ట చేతిని పట్టుకుంటుంది. ఉదయపు మంచుకు కొద్దిగా తడిసిన అరిటాకును తాకినట్టు ఉంటుంది.

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మా కుట్టు దుకాణం. నేను మిషను తొక్కడం మొదలుపెట్టి 31 ఏళ్ళు అయింది. పాలిస్టరు, టెరీకాటన్, నార బట్ట, పట్టు, అన్నీ నా కత్తెర కిందికి వచ్చాయి. పొందూరు బట్ట ఏడాదికి పది పన్నెండు సార్లు వస్తుంది. వచ్చిన రోజున మరో పని పెట్టుకోను. ఇన్నేళ్ళుగా ఆ బట్టను కోస్తున్నాను కానీ, పాసింజరు బండిలో చీపురుపల్లి, సిగడాం దాటితే వచ్చే ఆ ఊరికి ఒక్కసారీ వెళ్ళలేదు. ఈ మాఘ మాసంలో వెళ్ళాను. వెళ్ళి చూశాను, కొన్నాను, కుట్టాను, నాలుగు నెలలుగా కట్టుకుంటున్నాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ముందు నా చేతిలో పాడైన బట్ట గురించి చెప్పాలి. పని నేర్చుకున్న కొత్తలో ఒకాయన పొందూరు చొక్కా గుడ్డ తెస్తే, మామూలు గుడ్డలాగే కొలత పెట్టి కోసేశాను. కుట్టిన రోజు చక్కగా సరిపోయింది. ఒక్క ఉతుకు కాగానే చేతులు మణికట్టు పైకి, పొట్ట దగ్గర గుండీలు బిగువుగా వచ్చేశాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ చొక్కాను మనవడికి కుదించి కుట్టమని తెచ్చి ఇచ్చారు. తప్పు బట్టది కాదు, నాది. చేతితో వడికిన నూలు నీళ్ళు తాగగానే దగ్గరికి వస్తుంది. మగ్గం మీద లాగి పట్టిన బిగువంతా మొదటి తడిలో వదులుతుంది. ఇది తెలియని దర్జీకి ఈ బట్ట ఇవ్వకండి. తెలుసో లేదో కనుక్కోవడం తేలిక: "కొయ్యకముందు తడుపుతావా?" అని అడగండి. ఎందుకని ఎదురు ప్రశ్న వేస్తే బట్ట వెనక్కి తీసుకోండి.

రెండో సంగతి ఇంకా బాధ కలిగించింది. రెండేళ్ళ క్రితం ఒక పెళ్ళివారు నగరంలో ఒక పెద్ద దుకాణంలో కొన్న పంచెల చాపు, చొక్కా గుడ్డ తెచ్చారు. మీద పొందూరు అని చీటీ ఉంది. పెట్టిన ధర కూడా అలాగే ఉంది. నిట్టనిలువుగా కొయ్యడానికి నేను అంచు దగ్గర ఒక పోగు లాగి, అది వదిలిన గీత వెంట కత్తెర నడుపుతాను. ఆ గుడ్డలో పోగు లాగితే మొదటి నుంచి చివరి దాకా తెగకుండా, తీగలాగా వచ్చేసింది. ఎక్కడ చూసినా ఒకే లావు. పొందూరు పోగు అలా రాదు. జానెడు వస్తుంది, సన్నబడిన చోట తెగుతుంది, మళ్ళీ గోటితో వెతికి పట్టుకోవాలి. ఆ సన్నం, ఆ లావు ఒక మనిషి వేళ్ళ మధ్య పుట్టినవి. పెళ్ళివారికి నేను నిజం చెప్పాను. పెళ్ళికొడుకు తండ్రి ముఖం నాకు ఇంకా గుర్తుంది. మిల్లు నూలుతో మగ్గం మీద నేసినది చేనేత అవుతుంది, అది కూడా మంచి బట్టే, నేసినవారి శ్రమ అందులోనూ ఉంది. కానీ చేత్తో వడికిన నూలును చేత్తో నేస్తేనే ఖాదీ. 1956 నాటి ఖాదీ, గ్రామీణ పరిశ్రమల చట్టంలో ఉన్న అర్థం అదే. ఒకటి చూపించి మరొకదాని ధర తీసుకుంటే వడికిన చేతికి రావలసినది మధ్యలోనే పోతుంది.

కాబట్టి కొనేవారు ఒక పని చేయండి. బట్టను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగుకు ఎదురుగా పట్టుకోండి. సన్నం లావులు సన్నని వాన జల్లులా కనిపించాలి. గీసినట్టు సమానంగా ఉంటే అనుమానించండి. ఖాదీ మార్కు ఉందో లేదో చూడండి, బిల్లు తీసుకోండి. వీలైతే నేరుగా పొందూరు వెళ్ళండి.

పొందూరు శ్రీకాకుళానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉంది. వీధుల్లో నడుస్తుంటే ముందు మగ్గం చప్పుడు వినిపిస్తుంది. నేను తెల్లవారుజామునే చేరాను. ఒక వీధిలో పడుగు, అంటే బట్టకు నిలువు పోగులు, చాపి ఉంది. ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు, మధ్యలో కుంచెతో గంజి పట్టిస్తూ ఇద్దరు. ఎండ ఎక్కితే గంజి త్వరగా ఎండి పోగులు పెళుసెక్కుతాయట, అందుకే ఆ వేళలో. అక్కడ కాసేపు నిలబడ్డాను. నేను కోసి పారేసే ముక్కల్లో ఎన్ని పోగులు ఉంటాయో, వాటిలో ఒక్కొక్కదాన్ని ఎవరో ఇలా విడదీసి సరిచేసి ఉంటారన్నది ఆ రోజు దాకా నా బుద్ధికి తట్టలేదు.

సన్న నూలు వడికేది ఎక్కువగా నేత కులమైన పట్టుశాలీల ఇళ్ళలో ఆడవాళ్ళు. నాకు తెలిసిన ఒక నేతగాడు ఒక పెద్దావిడ ఇంటికి తీసుకెళ్ళాడు. డెబ్భై దాటి ఉంటారు. "రా బాబూ, కూర్చో. బట్టలు కుట్టే అబ్బాయివట కదా" అని పీట వేశారు. ఆమె పంచలో గోడకు ఆనుకుని రాట్నం. ఒంటి కదురు, 24 ఆకుల చక్రం. పక్కన చిన్న బుట్టలో పత్తి. ఆ పత్తి తెల్లగా లేదు, లేత గోధుమ రంగు కలిసిన పాలమీగడ రంగు. కొండపత్తి అన్నారు. ఎర్రపత్తి, పునాస పత్తి కూడా వాడతారు. ఈ ప్రాంతపు నేలలో పెరిగే పాత రకాలు ఇవి. మార్కెట్టులో దొరికే పొడవు పింజ పత్తి కాదు, పొట్టి పింజ, అంటే పీచు పొట్టిది. పొట్టి పింజతో అంత సన్నని నూలు ఎలా తీస్తారన్నదే నా ప్రశ్న. ఆమె జవాబు చెప్పలేదు. బుట్టలోంచి ఒక ఎముక తీసి నా చేతిలో పెట్టారు.

వాలుగ చేప దవడ. అరచేతిలో ఇమిడేంత ఉంది. వంపు లోపల సూది మొనల్లాంటి పళ్ళు ఒత్తుగా, వరసలు వరసలుగా. పట్టుకోవడానికి వీలుగా ఒక పుల్లకు కట్టి ఉంది. ఏళ్ళ తరబడి దూది రాసుకుని రాసుకుని ఆ ఎముక పాత దంతంలా నునుపెక్కింది. నేను పళ్ళ మీద వేలు పెట్టి చూస్తే చర్మాన్ని పట్టుకున్నాయి కానీ గుచ్చుకోలేదు. ఇనుప దువ్వెన అయితే పీచు తెగిపోతుందట. ఆమె ఒక పత్తి గింజను, దూది దాన్ని అంటిపెట్టుకుని ఉండగానే, రెండు వేళ్ళతో పట్టుకుని ఆ పళ్ళ మీద లాగారు. ఒకసారి, రెండుసార్లు, గింజ తిప్పి మళ్ళీ. చెత్త, ఆకు నలుసులు, పొట్టి పీచు అంతా దవడలో ఉండిపోయింది. గింజ చుట్టూ మిగిలిన దూది పసిపిల్ల తల దువ్వినట్టు ఒకే దిక్కుకు పరుచుకుంది. అది ఒక్క గింజ. బుట్టలో అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలని నేను ప్రయత్నించలేదు.

తర్వాత చెక్క పలక మీద దాన్ని పెట్టి సన్నని ఇనుప కడ్డీ దొర్లిస్తే గింజ ముందుకు జారి పడింది. దూదిని చిన్న విల్లు నారితో ఏకారు. ఏకిన దూదిని వేళ్ళతో చుట్టి ఏకు చేసి, ఎండిన అరటి దొప్పలో దాచారు. దొప్ప నున్నగా ఉంటుంది, పీచు రేగదు, దుమ్ము అంటదు. ఏకై వచ్చి మేకై కూర్చున్నాడని ఎన్నోసార్లు అని ఉంటాను. ఏకు ఎంత మెత్తనిదో మొదటిసారి తాకింది ఆ పంచలోనే. ఆ తర్వాతే రాట్నం. కుడి చెయ్యి చక్రాన్ని తిప్పుతుంటే ఎడమ చెయ్యి ఏకును పట్టుకుని వెనక్కి, పైకి వెళ్ళింది. మధ్యలో గాలిలోంచి వచ్చినట్టు పోగు వచ్చింది. ఆమె పోగు వైపు చూడలేదు. నాతో మాట్లాడుతూనే ఉన్నారు. "చూపు అంత బాగా లేదు బాబూ, వేళ్ళే చూసుకుంటాయి" అన్నారు.

మా వృత్తిలో కౌంటు అంటే అందరికీ తెలుసు, కానీ లెక్క వేసి చూసినవారు తక్కువ. 840 గజాల నూలు ఒక చిలప. ఒక పౌను బరువుకు అలాంటివి 100 తూగితే అది 100 కౌంటు. అంటే అర కిలో కూడా లేని పత్తిలోంచి 84,000 గజాలు, దాదాపు 77 కిలోమీటర్ల నూలు. విజయనగరం నుంచి ఆమదాలవలస స్టేషను దాకా రైలు పట్టా వెంట పరచినా ఇంకా మిగులుతుంది. పొందూరులో ఈ కౌంటు, ఇంతకంటే సన్ననిది కూడా చేతితో వడుకుతారు. ఇంటికి వచ్చాక నేను కాగితం మీద ఇంకో లెక్క వేశాను. ఎనిమిది మూరల పంచె, 50 అంగుళాల పన్నా, అంటే వెడల్పు, అంగుళానికి నిలువున పడుగు 80, అడ్డంగా పేక 80 పోగులు అనుకుందాం. పడుగుకు 16,000 గజాలు, పేకకు 16,000 గజాలు. మొత్తం 32,000 గజాలు, సుమారు 29 కిలోమీటర్లు. 38 చిలపలకు పైమాట. ఇంతా చేస్తే పంచె బరువు 175 గ్రాములు దాటదు. ఆ 29 కిలోమీటర్లలో ప్రతి అడుగు ఆమెలాంటి ఒకరి ఎడమ చేతి వేళ్ళ మధ్య నుంచి వచ్చిందే.

ధర ఎక్కువ అనేవారికి నేను ఈ కాగితమే చూపిస్తున్నాను. ధర అంకె ఇక్కడ రాయను. కౌంటును బట్టి, అంచు పనిని బట్టి మారుతుంది, మీరు వెళ్ళేనాటికి నా అంకె పాతబడుతుంది. మరమగ్గం పంచె ధరకు ఎన్నో రెట్లు ఉంటుందని మాత్రం మనసులో పెట్టుకుని వెళ్ళండి.

ఆమె పదేళ్ళ వయసులో తల్లి దగ్గర నేర్చుకున్నారట. తల్లి తన అత్తగారి దగ్గర. అత్తగారి కాలం అంటే గాంధీగారి కాలం. ఈ ఊళ్ళో ఆ పేరు ఇంటిమనిషి పేరులా వినిపిస్తుంది. పొందూరు నూలు సన్నదనం విని, ఆ పద్ధతి చూసి రమ్మని గాంధీగారు తన కొడుకు దేవదాస్ గాంధీని ఇక్కడికి పంపారు. దానికి ఎంతో ముందు, కంపెనీ రోజుల్లోనే శ్రీకాకుళం సన్నబట్టలకు పేరుపడింది. దొరల నోట్లో చికాకోల్ అయిన ఊరి మస్లిన్లు అవే. ఇంగ్లండు నుంచి మాంచెస్టరు మిల్లు నూలు వచ్చి ఎన్నో ఊళ్ళలో రాట్నాలను అటకెక్కించింది. ఇక్కడ ఎక్కించలేకపోయింది. ఎందుకని నేతగాణ్ణి అడిగితే, "మా ఆడవాళ్ళు ఆపలేదండీ, అంతే" అన్నాడు. చరిత్ర రాసేవారు ఇంకా ఎన్ని కారణాలు చెబుతారో గానీ, నేను ఆ మాటను నమ్ముతున్నాను.

స్వాతంత్ర్యం వచ్చిన రెండేళ్ళకు, 1949లో, ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. అప్పటికి శ్రీకాకుళం జిల్లా కూడా లేదు, అది 1950లో వచ్చింది. సంఘం భవనానికి 1955లో వినోబా భావే శంకుస్థాపన చేశారు, భూదానం కోసం కాలినడకన తిరుగుతున్న ఏడాది అది. వడికేవారు నూలు తెచ్చి ఇవ్వడం, నేసేవారు నూలు తీసుకెళ్ళి బట్ట తెచ్చి ఇవ్వడం, అన్నీ ఆ గొడుగు కిందే. పొందూరుకే కాదు, చుట్టుపక్కల పల్లెల్లో వడికేవారికీ అదే దారి.

అమ్మకాల గదిలో నేను గంటన్నర ఉన్నాను. అక్కడి మనిషి ఓపికకు నా నమస్కారం. కొంటానో లేదో తెలియకుండానే నాలుగు రకాల తానులు విప్పి పరిచాడు. నేను దర్జీనని తెలిశాక ఏ తాను ఎవరి మగ్గం మీదిదో కూడా చెప్పాడు. అద్దాల తలుపులు, చల్లగాలి యంత్రాలు ఆశించి వెళ్ళకండి. మంచి వెలుతురు మాత్రం ఉంది, ఈ బట్ట చూడడానికి కావలసింది అదే. 100 కౌంటు పంచె ఒకటి, కండువా ఒకటి, కాస్త ముతక కౌంటులో చొక్కా గుడ్డ మూడు మీటర్లు తీసుకున్నాను. జందానీ అంచు పంచె కూడా చూపించాడు. అంచులో పువ్వును నేసేటప్పుడే చేత్తో పోగు పోగుగా ఎక్కిస్తారు, వెనక తిప్పితే తేలే దారం ఉండదు. నా స్తోమతకు మించింది, తడిమి చూసి మడత పెట్టి ఇచ్చేశాను.

ఇక కట్టుబడి సంగతి. పంచె మొదటి రోజు గంజి బిర్రుతో కొంచెం ఇబ్బంది పెట్టింది. మూడో ఉతుకు నుంచి ఒంటికి అలవాటు పడింది. చైత్రం, వైశాఖం ఎండల్లో మిషను ముందు రోజంతా కూర్చున్నాను. ఇదివరకు సాయంత్రానికి నడుము దగ్గర చెమట పొక్కులు వచ్చేవి. ఈ వేసవిలో రాలేదు. చెమట పడితే బట్ట పీల్చుకుంటుంది, ఫంకా గాలి తగిలితే ఆరిపోతుంది. నునుపు, మెరుపు కావాలనుకునేవారికి ఇది నచ్చకపోవచ్చు. త్వరగా నలుగుతుంది, ఆ మాట దాచను. బండి మీద గంట ప్రయాణం చేస్తే ఇస్త్రీ మాయమవుతుంది. అంచు దగ్గర, మడత దగ్గర జాగ్రత్త లేకపోతే చిరుగుతుంది. పంచె గోచీ బిగించి లాగి కట్టేవారు కొంచెం వదులుగా కట్టుకోవాలి. తెలుపు కూడా తళతళలాడే తెలుపు కాదు. రెండు తానులు పక్కపక్కన పెడితే రంగులో తేడా ఉంటుంది, కాబట్టి పంచె, చొక్కా ఒకే వెలుగులో చూసి జత కలపండి.

ఉతకడం గురించి చాలామంది అడుగుతారు. మిషనులో వెయ్యకండి, బ్లీచింగు తగలనివ్వకండి. మా ఇంట్లో కుంకుడు రసంలో నానబెట్టి, చేత్తో పిసికి, బండకు కొట్టకుండా జాడిస్తాం. అన్నం వార్చిన గంజిని పలచగా చేసి, గుడ్డలో వడకట్టి పెడతాం. నీడలో ఆరేసి, కొద్ది తడి ఉండగానే ఇస్త్రీ. పూర్తిగా ఆరాక నీళ్ళు చల్లి ఇస్త్రీ చేస్తే మరకలు పడతాయి.

దర్జీలకు ఒక మాట. గుడ్డను రాత్రంతా మంచినీళ్ళలో నానబెట్టి, పిండకుండా ఆరేసి, అప్పుడు కొలత పెట్టండి. 11 నంబరు సూది, సన్నని నూలు దారం. పాలిస్టరు దారం వాడితే బట్ట కంటే దారం గట్టిదై, కుట్టు వెంటే గుడ్డ కోసుకుపోతుంది. కుట్టు మరీ దగ్గరగా వెయ్యకండి. చంకల్లో, పక్కల్లో మడత కుట్టు తప్పనిసరి, లేకపోతే అంచు పోగులు ఊడతాయి. కాలరు బిర్రుగా నిలవడానికి లోపల ఇస్త్రీతో అతికించే బక్రం వద్దు, ఆ వేడికి జిగురు పైకి తేలుతుంది. అదే గుడ్డ ముక్కను లోపల రెండు పొరలు వేస్తే కాలరు నిలబడుతుంది, మెడకు కోసుకోదు.

నాకు ఉన్న అసంతృప్తి బట్ట మీద కాదు. వడికేవారికి చేరే కూలి, వారు పెట్టే పగళ్ళతో పోలిస్తే చాలా తక్కువ. ఆ పెద్దావిడ మనవరాలు శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతోంది. రాట్నం ముందు కూర్చోదు. కూర్చోమని ఈమె కూడా అనరు. "దానికి నడుము నొప్పి ఎందుకు బాబూ" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కొనే మనం బేరం ఆడకుండా, దొంగ సరుకు కొనకుండా ఉంటే కొంత, కూలి పెంచవలసినవారు పెంచితే చాలా మారుతుందని మాత్రం గట్టిగా అనుకుంటున్నాను.

లేచి వస్తుంటే ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుని కుట్టును వేళ్ళతో తడిమి చూశారు. "మా నూలు బట్టయి వెళ్ళిపోతుంది, చొక్కా అయ్యాక మేము చూడం" అన్నారు. అందుకే నేను తెచ్చిన మూడు మీటర్లలో నా చొక్కా కుట్టాక మిగిలిన ముక్కతో ఒక చిన్న చేతిసంచి కుట్టి, ఏకులు దాచుకోవడానికి పనికొస్తుందని నేతగాడి చేత పంపించాను. ఏకులకు అరటి దొప్పే మంచిదట. సంచిలో కళ్ళజోడు పెట్టుకుంటున్నారని కబురు వచ్చింది.

మాస్టారి గుడ్డ నిన్న రాత్రి నానబెట్టాను, పొద్దున ఆరేశాను. రేపు కోస్తాను. ఆయనకు శుక్రవారానికి చొక్కా కావాలి. కాజాలు మిషను మీద వెయ్యడం లేదు, చేత్తోనే కుడతాను.